నూట పన్నెండు మెట్లు

సముద్రం ఊరు, బస గది, మూడో అంతస్తు
మే 6, సాయంత్రం

వదినా,

క్షేమమా అని అడిగే ఓపిక నాకిప్పుడు లేదు. నువ్వు క్షేమంగానే ఉంటావు. ఫ్యాను కింద కూర్చుని ఊళ్లకి ఊళ్లు గీసేసేవాళ్లకి ఏం తక్కువ? ఆ గీతల మీద నడిచినవాళ్ల అరికాళ్లకి బొబ్బలెక్కాయి. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది నిద్ర కాదు, అలక.

పదకొండేళ్లలో మేమిద్దరం కలిసి తీసుకున్న మొదటి సెలవు ఇది. బేకరీలో పొయ్యి ఇటుకలు మారుస్తున్నారని యజమాని రెండు రోజులు వదిలిపెట్టాడు. ఒక రోజు హాయిగా ఊరంతా తిరగాలి, మధ్యాహ్నం రెండింటికి ఒడ్డున ఖాళీ అయిన కొట్టు చూడాలి, ఆయనకి నచ్చితే అక్కడే సొంత బేకరీ పెట్టాలి. నేను ఎన్నాళ్ల నుంచి ఆయన చెవిలో పోరుతున్నానో నీకు తెలుసు. చివరికి "ఒక్క రోజు చూసి చెబుతా" అన్నాడు. ఆ ఒక్క రోజునీ నీ చేతుల్లో పెట్టాను. ఈ ఊరి పటం గీసేదే మా వదిన, ఆవిడ రాసిచ్చిన ప్రకారం తిరిగితే చాలు అని గొప్పలు పోయాను కూడా.

పొద్దున బాగానే గడిచింది, కాదనను. రేవులో పడవలకి రంగులేస్తున్నారు. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదిరిపోయాయి. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఊరు కొనడానికొచ్చినవాడిలా నడిచాడు. కనబడిన ప్రతి రొట్టెల కొట్టు ముందూ ఆగి అద్దంలోంచి చూసి, పైన మాడ్చాడనో లోపల ఉడకలేదనో తీర్పు చెప్పాడు. పగటివేళ ఆయన మొహం ఇంతసేపు చూడటం నాకు కొత్త.

పదకొండున్నరకి గడియారం గోపురం చేరాం. అక్కడి నుంచి సముద్రం నిలువునా కిందే ఉంది. చప్పుడు వినబడుతోంది, వాసన తగులుతోంది. నీ పటంలో మూడో మలుపు దగ్గర మెట్ల సందు ఉంది, ముచ్చటగా అడ్డగీతలు కూడా గీశావు. పక్కన పెన్సిల్‌తో రాశావు: "నూట పన్నెండు మెట్లు. దారంతా నీడ. పన్నెండింటికల్లా కాళ్లు నీళ్లలో."

ఆ సందు లేదు వదినా. మూడో మలుపులో లేదు, నాలుగో మలుపులో లేదు, వెనక్కొచ్చి రెండో మలుపులోనూ లేదు. కాళ్లరిగేలా తిరిగాం. ఎటు వెళ్లినా ఒక పసుపు గోడ, దాని పక్కన మూతబడ్డ కొట్టొకటి. చివరికి ఆ కొట్టు అరుగు మీదే కూలబడ్డాం. మాకు తోడు ఒక పిల్లి. కూర్చున్న అరగంటలో పదకొండుమంది వచ్చారు, అందరి చేతుల్లోనూ నీ పటమే. "మెట్లు ఎటండీ?" అని మమ్మల్నే అడిగారు. మంచినీళ్లు దొరుకుతాయా అన్నారు, తినడానికేమైనా ఉందా అన్నారు. ఒకావిడ నేనే ఆ సందు దాచేసినట్టు నా వైపు చూసింది.

చుట్టుతిరిగి ఒడ్డుకి చేరేసరికి మూడున్నర. కొట్టు యజమాని మా కోసం చూసి చూసి, గొడుగులమ్మే ఆయనకి మాట ఇచ్చేశాడట.

మా ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "పటంలో ఉన్న దారే లేని ఊళ్లో మనకేం ఉంటుందిలే" అన్నాడు.

కాళ్లు నీళ్లలో పెట్టలేదు. నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

నీ ఆడపడుచు


పటాల కార్యాలయం, కిటికీ పక్క బల్ల
మే 11

తొందరమ్మకి,

ఆ పేరు నీకు ఊరికే పెట్టలేదని మరోసారి రుజువు చేశావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి జాలేసింది, రెండోసారి నవ్వొచ్చింది. పటం తలకిందులుగా పట్టుకుని ఊరిని తిట్టేవాళ్లు ప్రతి వేసవిలోనూ ఉంటారు. మా ఇంట్లోనే ఒకరున్నారని ఇప్పుడే తెలిసింది.

ఆ పటం మొదటి అచ్చు నుంచీ నేనే గీస్తున్నాను. పంతొమ్మిదేళ్లు. అచ్చు మారినప్పుడల్లా ఆ సందుని నా చేత్తోనే మళ్లీ గీశాను. పైగా నేను దిగిన మెట్లే అవి. పెళ్లయిన కొత్తలో మీ అన్నయ్యా నేనూ ఒక రోజు ఆ ఊరు వెళ్లాం. గోపురం దగ్గర నుంచి ఆ సందులో దిగాం. నా కొత్త చెప్పులు కరుస్తుంటే మీ అన్నయ్య వాటిని చేత్తో పట్టుకుని మోశాడు. రాయి చల్లగా తగిలిన సంగతి ఇప్పటికీ అరికాళ్లకి గుర్తుంది. లేని సందులో దిగానంటావా?

గోపురానికి వీపు పెట్టి నిలబడి, కుడిచేతివైపు మూడో మలుపు. కుడి అంటే అన్నం తినే చెయ్యి.

కొట్టు పోయినందుకు బాధగానే ఉంది. కానీ ఆలస్యానికి నా సందుని నిందించకు. మీ ఆయన ప్రతి కొట్టు ముందూ ఆగి తీర్పులు చెప్పాడని నువ్వే రాశావు.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి ఏదో అనబోయి ఊరుకున్నాడు. దగ్గు ఇంకా తగ్గలేదు.

మీ వదిన


బేకరీ మేడ మీద గది
మే 17

పటాల అధికారిణి గారికి,

నమస్కారాలు. కుడిచెయ్యి ఏదో నాకు తెలుసు. ఆ చేత్తోనే రోజూ బల్ల దగ్గర నాలుగు వందల మందికి రొట్టెలు కట్టి ఇస్తున్నాను.

మొదటి ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు, నువ్వు చిన్నబుచ్చుకుంటావని. ఇక ఆ మొహమాటం అక్కర్లేదు. మర్నాడు పొద్దున బస్సుకి గంట టైముంటే ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. గోపురానికి వీపు పెట్టి, కుడివైపు మూడో మలుపు. అదే పసుపు గోడ. ఆ వీధిలో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ ఎదురైతే అడిగాను. ఆయన సంచి కింద పెట్టి మరీ నవ్వాడు. "ఇరవై రెండేళ్ల నుంచి ఈ వీధిలో తిరుగుతున్నానమ్మా. ఆ సందు కాగితం మీదే ఉంది. అందులో ఇళ్లుంటే నాకు తెలియదా?" అన్నాడు.

ఇరవై రెండేళ్లు పంతొమ్మిదేళ్ల కంటే ఎక్కువ కదా వదినా?

నీకిది నవ్వులాటగా ఉంది. ఇక్కడేం జరుగుతోందో చెబుతాను. వచ్చిన దగ్గర నుంచి మా ఆయన సొంత కొట్టు మాటెత్తడం లేదు. ఇక్కడి యజమాని ఐదేళ్ల ఒప్పందం కాగితం తయారుచేశాడు, జూన్ నెలాఖరులోగా సంతకం కావాలట. సంతకం పడితే ఇంకో ఐదేళ్లు ఆయన రొట్టెల మీద ఇంకొకరి ముద్ర. అప్పటికి ఆయనకి నలభై ఆరు. ఆ తరవాత కొత్తగా పొయ్యి కట్టుకునే ఉత్సాహం ఎవరికుంటుంది? నేనేమైనా అంటే "చూశాంగా" అంటాడు. ఆ ఒక్క మాట అని పిండి మీద పడతాడు.

మీ మేనేజరుకి ఫిర్యాదు రాసి కవరులో పెట్టాను. అంటించడమే మిగిలింది. నాలుగు రోజులు ఆగుతాను, నీ మీద గౌరవంతో కాదు, అన్నయ్య మొహం చూసి.

ఇట్లు,
పటం తలకిందులుగా పట్టుకున్న మనిషి


పటాల కార్యాలయం
మే 24

ఆడపడుచుకి,

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ అన్నయ్యకి దగ్గు కొంచెం నయం. ఆఫీసులో నాకు కొత్త కుర్చీ ఇచ్చారు, అది తిరుగుతుంది. ఎదురింటివాళ్లు గేటుకి ఆకుపచ్చ రంగు వేయించారు, అస్సలు బాగాలేదు.

ఆ ఫిర్యాదు మాత్రం పంపకు. ఎందుకని అడగకు. ఎప్పుడైనా తీరిగ్గా చెబుతాను. ఎండలో తిరుగుతావని ఒక మంచి గొడుగు పంపుతున్నాను.

వదిన


బేకరీ మేడ మీద గది
జూన్ 1

వదినకి,

గొడుగు అందింది. నేను గొడుగు అడగలేదు.


ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 8

తొందరమ్మా,

ఇది ఆఫీసు కాగితం మీద రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ఇంటి నుంచి రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన రెండు ఉత్తరాలూ దొరికితే చింపెయ్యి.

ఆ సందు లేదు. ఎప్పుడూ లేదు.

మా వృత్తిలో ఒక ఆచారముంది. పటం గీసినవాళ్లు అందులో ఎక్కడో ఒకచోట ఒక చిన్న అబద్ధం పెడతారు. లేని సందో, లేని మలుపో. వేరే అచ్చాఫీసువాళ్లు మన పటాన్ని చూసి దించుకుంటే ఆ అబద్ధం కూడా వాళ్ల పటంలోకి ఎక్కి కూర్చుంటుంది, దొంగ దొరికిపోతాడు. దాన్ని దొంగ సందు అంటాం. ఎక్కడ పెట్టామో ఒక చీటీ మీద రాసి, సీలు వేసి, మేనేజరు బీరువాలో పెడతాం. బయటివాళ్లకి చెప్పకూడదు, అయినవాళ్లకైనా సరే. నీ పోస్ట్‌మ్యాన్ మాట చదివాక మేనేజరుని అడిగి బీరువా తీయించాను. చీటీ మీద నా అక్షరాలే. "గోపురం తరవాత మూడో మలుపు, మెట్ల సందు."

ఇంటికొచ్చి మీ అన్నయ్యని నిలదీశాను. మనం దిగలేదా, నువ్వు నా చెప్పులు మొయ్యలేదా అని. ఆయన, "దిగలేదే, చెప్పులూ మొయ్యలేదు. దారి లేక చుట్టు తిరిగాం. సగం దూరంలో బస్సు టైమైందని వెనక్కి వచ్చేశాం. నువ్వు బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చావు" అన్నాడు. మరి ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడిగితే, "నువ్వు చెప్పేది బాగుండేది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రయాణమైన మూడు నెలలకే ఈ పటం నాకు అప్పగించారు. ఒక అబద్ధం పెట్టమన్నారు. ఎక్కడ పెట్టాలో ఆలోచించే పనే లేకపోయింది. అచ్చు మారినప్పుడల్లా ఒక్కో మెట్టూ గీసుకుంటూ వచ్చాను. గీసి గీసి, ఎప్పుడు దిగానో తెలియకుండానే దిగేశాను. ఇంకొకరికోసం పెట్టిన వలలో నేనే పడ్డాను, నిన్నూ పడేశాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, లేకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. కొట్టు చేజారిందని నువ్వు రాసినప్పుడు నాకు కొంచెం హాయిగా అనిపించింది. మీరు ఆ ఊరెళ్లిపోతే, నెలకో ఆదివారం బస్సెక్కి వచ్చి నాతో పోట్లాడేదెవరు? మీ అన్నయ్య పోట్లాటకి పనికిరాడు. సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

చెయ్యగలిగింది చేశాను. మేనేజరుకి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడ్డాడు, తరవాత కొత్త అచ్చు ఈ వారమే కాబట్టి వెంటనే తీసెయ్యమన్నాడు. బ్లేడుతో నా చేత్తోనే గీకేశాను. నూట పన్నెండు మెట్లూ పోయాయి. ఇక నీలాగా ఎవరూ ఆ గోడ దగ్గర ఎండలో నిలబడరు.

క్షమించమని అడగడం నాకు రాదు. నీకు తెలుసు.

వదిన


సముద్రం ఊరు, బస గది, ఈసారి రెండో అంతస్తు
జూన్ 9

వదినా,

ఇది గబగబా రాస్తున్నాను. నీ సందు ఉందో లేదో నాకిక అనవసరం. ఫిర్యాదు చింపేశాను. నీ గొడుగు వేసుకునే తిరుగుతున్నాను.

నిన్న సోమవారం. మా ఆయన యజమానిని అడిగి ఇద్దరికీ రెండు రోజులు సెలవు తీసుకున్నాడట. పొద్దున్నే మా ఆయన "చెప్పులు వేసుకో" అన్నాడు. ఎక్కడికని అడిగినా చెప్పలేదు. బస్సెక్కాక తెలిసింది. ఇక్కడ దిగి తిన్నగా గోపురం, మూడో మలుపు, పసుపు గోడ. ఆ మూతబడ్డ కొట్టు అరుగు మీద నన్ను కూర్చోబెట్టాడు. పిల్లి అక్కడే ఉంది.

"ఆవేళ ఇక్కడ కూర్చున్న అరగంటలో పదకొండుమంది వచ్చారు. అందరూ దారి తప్పినవాళ్లే, అందరికీ చిరాకే, అందరికీ ఆకలే. ఇలాంటి చోట కొట్టు మూసిపెట్టుకున్నవాడెవడా అని నెలరోజుల నుంచి ఆలోచిస్తున్నా" అన్నాడు.

నెలరోజులు వదినా! పక్కనే ఉన్నాను. అలక అనుకున్నాను, చెయ్యని పోరు లేదు. ఈ మనిషి మనసులో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. చెప్పొచ్చు కదా అంటే, "లెక్క పూర్తి కాలేదు" అంటాడు. ఈయన్ని ఏం చెయ్యను?

నిన్న కూర్చుంటే పద్నాలుగుమంది వచ్చారు. సాయంత్రానికి కొట్టుగలాయన్ని పట్టుకున్నాం. ముందు గది, వెనక పొయ్యికి చోటు, ఆ వెనక మేకులు కొట్టేసిన తలుపొకటి. ఎవరూ అద్దెకి రాక విసిగిపోయి ఉన్నాడు, వెంటనే ఒప్పుకున్నాడు. ఇవాళ పొద్దున మాట్లాడుకుని కాగితాలు రాసుకున్నాం. తాళంచెవి మా ఆయన జేబులో ఉంది. అరగంటకోసారి తడిమి చూసుకుంటున్నాడు.

నీకు ఒక్కటే విన్నపం. పటాన్ని దిద్దకు. నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సందుని అలాగే ఉండనీ.

తొందరమ్మ


పటాల కార్యాలయం
జూన్ 15

తొందరమ్మా,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయినట్టున్నాయి. ఈపాటికి నాది నీకు అందే ఉంటుంది.

నీది చదివి అచ్చు గదిలోకి పరుగెత్తాను. కొత్త పటాలు కట్టలు కట్టేసి ఉన్నాయి. సగం అప్పటికే మీ ఊరు వెళ్లాయి. మేనేజరు కాళ్లావేళ్లా పడ్డాను. పంతొమ్మిదేళ్లలో ఆయన దగ్గర గొంతు పెంచడం ఇదే మొదటిసారి. "ఉన్న దారైతే కొలిచి తీసుకురా, వచ్చే అచ్చులో గీద్దాం. తీసేసిన అబద్ధాన్ని మళ్లీ పెట్టేది లేదు" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే నా ఏడుపు.

నువ్వు దిద్దమన్నప్పుడు నేను దిద్దలేదు. వద్దన్నప్పుడు దిద్దేశాను. మీ కొట్టు ముందుకొచ్చే జనాన్ని నా చేత్తోనే గీకి పారేశాను. మీ ఆయనకి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?

వదిన


మూడో మలుపు, పసుపు గోడ పక్క బేకరీ
సెప్టెంబర్ 2

వదినా,

రెండున్నర నెలలు రాయలేదు. నీ మీద కోపంతోనే. మధ్యలో నువ్వు పంపిన మూడు ఉత్తరాలూ అందాయి. తెరిచాను, చదివాను, పిండి డబ్బా మీద పెట్టాను.

కొట్టు తెరిచిన వారం బాగా నడిచింది. పాత పటాలవాళ్లు వస్తూనే ఉన్నారు. జూలై నుంచి పలచబడ్డారు. కొత్త పటం పట్టుకున్నవాళ్లు గోపురం దగ్గర నుంచే ఎడమకి తిరిగి వెళ్లిపోతున్నారు, ఒక్కరూ దారి తప్పడం లేదు. ఎంత చక్కగా గీశావు వదినా! మధ్యాహ్నానికి సగం బన్నులు మిగిలిపోయేవి. పిల్లి మాత్రం లావెక్కింది. మా ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. ఆయన అనాల్సినవన్నీ నేనే అనుకున్నాను, రోజుకి మూడు పూటలా.

నీకు హాయిగా అనిపించిందన్న వాక్యం ఉంది చూశావా, దానికి వారంపాటు మండిపోయాను. తరవాత ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉంది, అరవడానికి ఎవరూ లేరు. అప్పుడు అర్థమైంది. అదొక్కటే నువ్వు నాకు కొలతలు వెయ్యకుండా రాసిన మాట.

ఇక అసలు సంగతి. వెనక గదిలో మేకులు కొట్టిన తలుపు గురించి రాశాను కదా. పొయ్యి కట్టెలు పెట్టుకోవడానికి చోటు లేక మా ఆయన మేకులు పీకాడు. అవతల నిలువెత్తు ముళ్లకంప. చిరాకులో ఉన్నాడేమో, కొడవలి పట్టుకుని మూడు రోజులు కంప మీదే కక్ష తీర్చుకున్నాడు. నాలుగో రోజు నన్ను కేకేశాడు. వెళ్లి చూస్తే కంప లేదు, కింద సముద్రం. కొట్టుగలాయన్ని అడిగితే, "మా మామగారి కాలంలో పడవలవాళ్లు అటే దిగేవాళ్లు" అని తాపీగా చెప్పాడు. ఈ ఊళ్లో మగవాళ్లు కూడా అడిగితే తప్ప ఏదీ చెప్పరు.

ఆ రోజు నుంచి పొయ్యి చల్లారాక ప్రతి సాయంత్రం మా ఆయనది అదే పని. కూలిన ప్రహరీ రాళ్లు మోసుకొచ్చి మెట్లు కట్టాడు. నూట పన్నెండు కాదు, నలభై ఒకటి. కానీ ఒక్కోటి మోకాలెత్తు. నీడ ఉదయం పూటే. ముందు తలుపులోంచి వచ్చి, రొట్టె కొనుక్కుని, వెనక తలుపులోంచి సముద్రంలోకి దిగిపోవచ్చు. మొట్టమొదట దిగింది ఆ పోస్ట్‌మ్యానే. అప్పుడు నవ్వినవాడు ఈసారి చెప్పులు విప్పి మరీ దిగాడు.

ఇప్పుడు జనం వస్తున్నారు, నోటిమాట మీద. కానీ నీ పటం వదలట్లేదు నన్ను. మొన్న ఒక కళ్లద్దాలాయన వెనక తలుపు దగ్గర నిలబడి, కొత్త పటం విప్పి, "ఇక్కడ దారి లేదండీ" అన్నాడు. మెట్లు ఎదురుగా కనబడుతున్నాయి. కింద పిల్లలు నీళ్లలో ఎగురుతున్నారు. ఇదిగో దారి అని చూపిస్తే, "పటంలో లేదు కదా" అని వాదించి, చుట్టుతిరిగి వెళ్లాడు. దారి లేనప్పుడు పంతొమ్మిదేళ్లు గీశావు. దారి వచ్చే వేళకి చెరిపేశావు. నిన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఉన్న దారైతే కొలిచి తెమ్మన్నాడు కదా మీ మేనేజరు. టేపు పట్టుకుని రా. ఉత్తరం మీద నేను చెప్పిన లెక్క నువ్వు నమ్మవు, నేనూ నీ లెక్క నమ్మను. ఒక్కో మెట్టూ దిగి నువ్వే కొలుచుకో. పన్నెండింటికల్లా కాళ్లు నీళ్లలో ఉండే పూచీ ఈసారి నాది. పోట్లాడుకోవడానికి ఆదివారం అనుకూలం, కొట్టు మధ్యాహ్నం మూసేస్తాం.

అన్నయ్యని కూడా వెంటబెట్టుకుని రా. దగ్గని సాకు చెప్పనివ్వకు. పంతొమ్మిదేళ్లు మొయ్యకుండానే మంచిపేరు కొట్టేశాడు. ఆ కరిచే చెప్పులే వేసుకుని రా, ఈసారి నలభై ఒక్క మెట్లూ ఆయన చేత మోయిద్దాం.

తొందరమ్మ